కాఫీకి డోనట్ ఏమవుతుంది?

రాష్ట్ర ఉపాహార ప్రమాణాల సంస్థ అనేది ఒకటుందని కాకినాడలో చాలామందికి తెలీదు. అందులో పనిచేసేవాళ్లకి తెలుసు, ఆ ఆఫీసు గేటుకి ఎదురుగా బండి పెట్టుకున్న గుత్తుల సుభాషిణికి తెలుసు. ఉప్మా ఎంత జారుగా ఉండొచ్చు, ఇడ్లీ ఎంత మెత్తగా ఉంటే ఇడ్లీ అనిపించుకుంటుంది వంటి విషయాల మీద ఆ సంస్థ ఏళ్ల తరబడి పరిశోధన చేస్తోంది. చేసి చేసి అలిసిపోయిన ఉద్యోగులు పొద్దెక్కేసరికి గేటు దాటి వచ్చి సుభాషిణి బండి దగ్గర నిలబడేవారు.

బండికి రెండు కొసలు. ఈ కొసన మూకుడు ముందు నిలబడి సుభాషిణి డోనట్లు వేసేది. ఆ కొసన ఫిల్టర్లు పెట్టుకుని ఆమె మొగుడు సత్తిబాబు కాఫీ కలిపేవాడు. ఊళ్లో పెద్దవాళ్లు డోనట్‌ని మైదా గారె అనేవారు, ఏ పేరుతో అడిగినా సుభాషిణి ఇచ్చేది. పెళ్లికి ముందు సత్తిబాబు బస్టాండులో కాఫీ అమ్మేవాడు, ఆమె పక్కనున్న బేకరీలో పనిచేసేది. అతని కాఫీ కోసం ఆమె, ఆమె వేసిన డోనట్ కోసం అతను తిరిగి తిరిగి చివరికి పెళ్లి చేసుకున్నారు. జాతకాలు ఎవరూ చూడలేదు. రెండు వైపులా పెద్దవాళ్లు కొన్నాళ్లు అలిగారు, తర్వాత వాళ్లే వచ్చి తిని వెళ్లారు. ఇప్పుడు వాళ్లూ లేరు. ఇల్లు గడవడానికి ఆ బండి తప్ప ఇంకో ఆధారం లేదు, ఇద్దరికీ ఇంకో పని రాదు కూడా.

ఇలా ఉండగా రాజధానిలో ఒక పెద్దాయనకి విదేశీ ప్రయాణం తగిలింది. అక్కడి కాఫీ దుకాణాల్లో ఏ రకం కాఫీకి ఏ రకం డోనట్ బాగుంటుందో గోడ మీద రాసి పెట్టారట. చేదు కాఫీకి చాక్లెట్ పూత ఉన్నది, పాల కాఫీకి సాదాది, చల్లటి కాఫీకి లోపల జామ్ కుక్కినది. అవన్నీ తిని వచ్చాక మన రాష్ట్రం ఎందుకు వెనకబడిందో ఆయనకి తెలిసిపోయింది. మనవాళ్లు ఏ కాఫీతో ఏది పడితే అది తింటున్నారు. వెంటనే ఒక ఉత్తర్వు ఇంగ్లీషులో పుట్టి, అనువాద విభాగానికి వెళ్లింది. అక్కడివాళ్లు మొదట 'జత' అని రాశారు. జత అంటే చెప్పులు గుర్తొస్తున్నాయని కొట్టేశారు. కాస్త గౌరవంగా ఉంటుందని 'సంబంధం' అని మార్చారు. "ప్రతి కాఫీకిని తగిన డోనట్ సంబంధము చూడవలెను. తగని సంబంధములను ఎంతమాత్రము ఉపేక్షింపరాదు" అన్న వాక్యం ఆ విధంగా కాకినాడ చేరింది.

సంస్థ డైరెక్టరు చిదంబరమూర్తి ఆ వాక్యం చదివి కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. సర్వీసంతా ఆయన తనకి తెలియని పనులే చేస్తూ వచ్చాడు. మొదట గొర్రెల పెంపకం, తర్వాత వీధి దీపాలు, ఆ పైన ఇడ్లీలు. ఇన్నాళ్లకి చేతనైన పని ఒకటి ప్రభుత్వం అప్పగించింది. ముగ్గురు కూతుళ్లకి సంబంధాలు చూసి పెళ్లిళ్లు చేసిన మనిషి ఆయన. ఉద్యోగంలో చేరిన తర్వాత మొదటిసారి ఆయనకి ఆఫీసు మీద ప్రేమ కలిగింది.

"సంబంధం చూడడమంటే ఆషామాషీ వ్యవహారం కాదు," అన్నాడు సిబ్బందినంతా పిలిచి. "గోత్రం, నక్షత్రం, వరస, ముహూర్తం! ఇవేవీ చూడకుండా ఈ ఊళ్లో కాఫీలూ డోనట్లూ ఇన్నేళ్లుగా ఇష్టారాజ్యంగా కలిసి తిరుగుతున్నాయి. దీన్ని తీవ్రంగా పరిగణించడమైనది. తక్షణం ఒక నిపుణుల సంఘాన్ని ఏర్పాటు చేయడమైనది."

ఫైళ్లలో రాసి రాసి ఆయన మాట్లాడేటప్పుడు కూడా 'అయినది' అనే అనేవాడు. "సార్, ఇది పెళ్లి సంబంధం కాదండీ, నోటికి ఏది రుచో చూడమంటున్నారు" అని చెప్పగల గుమాస్తా ఆ ఆఫీసులో ఒకడుండేవాడు. ఆ రోజు అతను సెలవు. మర్నాడు వచ్చేసరికి సంఘం ఏర్పడిపోయింది. సంఘాన్ని ఏర్పాటు చేసే పద్ధతి నిబంధనల్లో ఉంది గానీ రద్దు చేసే పద్ధతి లేదు. అతను కూడా అందులో సభ్యుడిగా చేరిపోయాడు.

మొదటి సమావేశంలోనే చిక్కు వచ్చింది. ఈ రెంట్లో పెళ్లికొడుకు ఎవరు? భాషా సభ్యుడు వ్యాకరణం తిరగేసి, తెలుగులో కాఫీ, డోనట్ రెండూ నపుంసకాలేనని తేల్చాడు. "అయితే ఆ ఖాళీలను తాత్కాలిక ప్రాతిపదికన భర్తీ చేయడమైనది," అన్నాడు డైరెక్టరు. గ్లాసు పొడుగ్గా ఉంటుంది కాబట్టి కాఫీని వరుడుగా నియమించారు. గుండ్రటి మొహం, ఒంటినిండా పూత, పైన రంగురంగుల చక్కెర పూసలు ఉంటాయి కాబట్టి డోనట్‌ని వధువుగా నియమించారు. పొంతన సలహాదారుగా ముక్కామల సిద్ధాంతిగారిని రప్పించారు. ఆయన ఊళ్లో మంచి పేరున్న మనిషి. కాఫీకి పొంతన ఏమిటండీ అని మొదట ఆయనా నవ్వాడు. తనకోసం వేసిన కుర్చీని, దాని మీద పరిచిన తెల్ల తువ్వాలుని చూశాక నవ్వు ఆపి కూర్చున్నాడు.

ఆ మర్నాడు ఇన్‌స్పెక్టరు ధనుంజయరావు బండి దగ్గరికి వచ్చాడు. రోజూ వచ్చేవాడే గానీ ఆ రోజు చంకలో ఫైలు ఉంది.

"చూడమ్మా, మీ కాఫీకీ మీ డోనట్‌కీ ఏం వరస?"

సుభాషిణి గరిటె పట్టుకుని నవ్వింది. "వరసేంటండి బాబూ? కాఫీ తాగుతారు, డోనట్ తింటారు. మద్దెలో వరసెందుకండి?"

"నవ్వే విషయం కాదిది. పొంతన ధ్రువపత్రం లేకుండా రెండూ ఒకే బండి మీద అమ్మితే అక్రమ సంబంధం కింద వస్తుంది. బండి ఎత్తేయాల్సి ఉంటుంది." ఆ మాట చెప్పి అతను రెండు డోనట్లు పరీక్ష నిమిత్తం తీసుకున్నాడు. పరీక్ష అక్కడే నిలబడి పూర్తి చేశాడు. కాఫీని కూడా పరీక్షించి వెళ్లాడు.

సుభాషిణికి నవ్వు పోయింది. బండి ఎత్తేయడమంటే ఏమిటో ఆమెకి బాగా తెలుసు. రోడ్డు వెడల్పు చేసినప్పుడు చూసింది. "ఏవయ్యా, ఆళ్లకేదో పిచ్చి పట్టినట్టుంది. అయినా ఆ కాయితం తెచ్చేసుకుందాం," అంది మొగుడితో. "తెచ్చేసుకుందాం," అన్నాడు సత్తిబాబు. ఆమె ఏమన్నా అతను అలాగే అనేవాడు.

ధ్రువపత్రానికి తొలి మెట్టు 'ప్రాథమిక దృశ్య పరిశీలన'. అంటే పెళ్లిచూపులు. సంస్థ సమావేశ మందిరంలో తివాచీ పరిచారు. సుభాషిణి తలుపు పక్కన డోనట్ల పళ్లెం పట్టుకుని నిలబడింది. సత్తిబాబు ఎదుటి వైపు గ్లాసులతో కూర్చున్నాడు. సంఘంలో సగంమందిని ఆడపెళ్లివారి తరఫున, సగంమందిని మగపెళ్లివారి తరఫున కేటాయించారు. కేటాయించిన మరుక్షణం నుంచీ మగపెళ్లివారు కాళ్లు చాపుకుని కూర్చున్నారు, ఆడపెళ్లివారు కుర్చీ అంచుకి జరిగారు. అంతవరకూ వాళ్లంతా ఒకే గదిలో పక్కపక్క బల్లల దగ్గర పనిచేసినవాళ్లే.

"ఈ చాక్లెట్ అమ్మాయి కళగానే ఉంది గానీ," అని పెదవి విరిచాడు బ్లాక్ కాఫీ తరఫు పెద్ద, "బొత్తిగా నలుపండీ. మావాడి పక్కన బాగోదు."

సుభాషిణి గ్లాసులో ఉన్న 'మావాడి' వైపు చూసింది. గ్లాసు అడుగు కనబడడం లేదు, అంత నల్లగా ఉన్నాడు. ఆమెకి ఒళ్లు మండింది. ఆమెది కూడా ఆ రంగే, ఆ మాట ఆమె చిన్నప్పటి నుంచీ వింటూనే ఉంది. అయినా బండి గుర్తొచ్చి నోరు మూసుకుంది. కాపుచీనో తరఫువారు, మావాడు నురగ మనిషి, నెమ్మదస్తురాలు కావాలన్నారు. జామ్ డోనట్‌ని చూసి, లోపల ఏముందో బయటపడని మనిషి మాకొద్దన్నారు. చివరికి మామూలు ఫిల్టర్ కాఫీకీ పంచదార అద్దిన సాదా డోనట్‌కీ మాట కలిసింది. చూపులకి వచ్చిన డోనట్లు ఒక్కటీ తిరిగి ఇంటికి వెళ్లలేదు, సంఘం వాటిని సభాముఖంగా పరిశీలించేసింది.

తర్వాత జాతకాలు. కాఫీ పుట్టినట్టు ఎప్పుడు లెక్క? డికాక్షన్ తొలి బొట్టు పడ్డప్పుడా, పాలు కలిపినప్పుడా? దీని మీద సంఘం మూడు సమావేశాలు జరిపి, తొలి బొట్టేనని తీర్మానించింది. ఆ బొట్టు పడే వేళ రాసుకోవడానికి ఇన్‌స్పెక్టరు తెల్లారకముందే గడియారం పట్టుకుని ఫిల్టరు పక్కన కూర్చునేవాడు. డోనట్ జన్మసమయం నూనెలోంచి తేలినప్పుడు. కాస్త ఎర్రగా వేగిందానికి కుజదోషం ఉందన్నారు సిద్ధాంతిగారు. దానికి కుజదోషం ఉన్న కాఫీనే కుదర్చాలి కాబట్టి, ఎర్రటి డోనట్ తీసుకున్నవాడికి సత్తిబాబు కావాలని మాడగొట్టిన కాఫీ ఇవ్వాల్సి వచ్చింది. మూలా నక్షత్రంలో వేగిన డోనట్ మామగారికి గండమన్నారు. కాఫీకి తండ్రెవరో ఎంత విచారించినా తేలలేదు. అనుమానం మీద పాల గిన్నెకి శాంతి చేయించారు, దక్షిణ సత్తిబాబు ఇచ్చుకున్నాడు.

సాదా డోనట్‌కి గుణాలు కలిశాయి. తాత్కాలిక ధ్రువపత్రం వచ్చింది. బండి నిలబడిందని సుభాషిణి సంబరపడి ఆ రోజు అందరికీ ఒక్కో డోనట్ ఊరికే పంచింది. ధ్రువపత్రం వెనకవైపు చిన్న అక్షరాల్లో, కాఫీ డోనట్లు ముహూర్తానికే కలవవలెనని ఉంది. అది ఆమె సాయంత్రం చూసింది.

ఆ మర్నాటి నుంచి బండి దగ్గర పెళ్లి సందడి మొదలైంది. జనం ఒక చేత్తో గ్లాసు, ఒక చేత్తో డోనట్ పట్టుకుని వరసగా నిలబడేవారు. ముహూర్తం అయ్యేదాకా కొరకకూడదు, చప్పరించకూడదు. ఇన్‌స్పెక్టరు బండి చక్రం మీద ఎక్కి నిలబడి గడియారం చూస్తూ ఉండి, లగ్నం రాగానే "గట్టిమేళం!" అని అరిచేవాడు. అప్పుడు అందరూ ఒక్కసారిగా కొరికి, ఒక్కసారిగా గుటకేసేవారు. ఒకసారి రిటైరైన హెడ్మాస్టరు ఒకాయన, కాఫీ చల్లారిపోతోందన్న బాధలో, ముహూర్తానికి ముందే డోనట్ అంచు కాఫీలో ముంచేశాడు. ఇన్‌స్పెక్టరు ఆయన చెయ్యి పట్టుకున్నాడు. "ఇంత వయసొచ్చి ఇదేం పనండీ? నలుగురిలో?" అని అడిగితే ఆ పెద్దమనిషి సిగ్గుతో తలొంచుకుని వెళ్లిపోయాడు. మళ్లీ ఆ వీధిలో కనబడలేదు.

జనం తగ్గారు. ముహూర్తం ఒకరోజు ఎండలో పడితే ఒకరోజు అందరూ నిద్రపోయే వేళ పడేది. ఆ పైన మూఢం వచ్చింది. మూఢంలో శుభకార్యాలు లేవు కాబట్టి అది వెళ్లేదాకా బండి కదల్చలేదు. సత్తిబాబు ఇంట్లో ఖాళీ ఫిల్టరు తుడుచుకుంటూ కూర్చునేవాడు. మూఢం వెళ్లి బండి తెరిచి, రెండు వాయిలు వేశారో లేదో, ఆషాఢం వచ్చేసింది.

ఆషాఢం మొదటి రోజున ధనుంజయరావు ఇద్దరు బంట్రోతుల్ని వెంటబెట్టుకుని వచ్చాడు. ఒకడి చేతిలో పసుపూ కుంకాలూ ఉన్న పళ్లెం.

"అమ్మా, ఆషాఢంలో కొత్త కోడలు అత్తారింట ఉండకూడదు. డోనట్‌ని పుట్టింటికి సాగనంపడమైనది. తీసుకెళ్లి దింపడానికి వచ్చాం. పుట్టిల్లు ఎక్కడ?"

"ఇదేనండి," అంది సుభాషిణి, మూకుడు చూపించి.

"సరే. మరి అత్తారిల్లు?"

"అదీ ఇదేనండి." బండి ఆ కొస చూపించింది.

ధనుంజయరావు ఈ కొస చూశాడు. ఆ కొస చూశాడు. బండి మీద 'గుత్తుల వారి కాఫీ డోనట్' అని రాసి ఉన్న బోర్డు చూశాడు. అతని మొహంలో నెత్తురు చుక్క లేదు.

"రెండూ ఒకే ఇంట్లో పుట్టాయా?" అన్నాడు నోరు పెగుల్చుకుని. "ఒకే ఇంటిపేరా?"

"మేవిద్దరం మొగుడూ పెళ్లాలం కదండి. ఒకే ఇంట్లో కాక ఏరే ఎక్కడ పుడతాయండి?"

పసుపుకుంకాల పళ్లెం బంట్రోతు చేతిలోంచి జారిపడింది. ఆ సాయంత్రానికి సంఘం అత్యవసరంగా సమావేశమైంది. డైరెక్టరు చిదంబరమూర్తి రెండు చేతులా తల పట్టుకున్నాడు.

"ఒకే ఇంటిపేరు, ఒకే గోత్రం, ఒకే గడప. అంటే ఇవి అన్నాచెల్లెళ్లు! అన్నాచెల్లెళ్లకి మన సంస్థ ముద్ర వేసి పెళ్లి చేసింది! పైకి తెలిస్తే ఏమవుతుంది? సిద్ధాంతిగారూ, మీరు గోత్రం చూడలేదా?"

"దరఖాస్తులో గోత్రం దగ్గర 'మైదా' అని ఉందండీ," అన్నాడు సిద్ధాంతి నీళ్లు నములుతూ. "కాఫీకి 'గింజ' అని ఉంది. వేరువేరే కదా అనుకున్నాను."

మర్నాడు భార్యాభర్తలిద్దర్నీ పిలిపించారు. డైరెక్టరు ఈసారి కేకలు వేయలేదు, బాధగా మాట్లాడాడు. ఈ వివాహాన్ని చెల్లనిదిగా ప్రకటించడమైనదని, బండిని వెంటనే మూయించాల్సి ఉందని, అయితే సంస్థకి మానవతా దృక్పథం ఉన్నందువల్ల ఒక మార్గం చూపించడమైనదని చెప్పాడు. కాఫీ ఒక ఇంటిదీ, డోనట్ వేరే ఇంటిదీ అని రుజువు కావాలి.

"పోనీ నేను పుట్టింటి ఇంటిపేరు ఎట్టేసుకుంటానండి," అంది సుభాషిణి.

"పేరు మారినా గడప ఒకటే కదమ్మా. మీరిద్దరూ విడాకులు తీసుకుని కాగితం జతపరిస్తే, గడపలు రెండవుతాయి. అప్పుడు కాఫీకీ డోనట్‌కీ శాస్త్రోక్తంగా మళ్లీ పెళ్లి జరిపించవచ్చు. ఖర్చు సంస్థే భరిస్తుంది."

"కాఫీకి పెళ్లవడానికి మేం ఇడిపోవాలాండి?"

"విడిపోవాలని సంస్థ ఎక్కడా అనలేదు. రికార్డు ప్రకారం విడివిడిగా ఉండాలని మాత్రమే అనడమైనది. అది ఇష్టం లేకపోతే డోనట్లు వేరే ఊరి బేకరీ నుంచి తెప్పించుకుని అమ్మండి."

"మరి నేనేం చెయ్యనండి?"

"అది ఈ శాఖ పరిధిలోకి రాదమ్మా," అన్నాడు డైరెక్టరు మృదువుగా. వారం గడువిచ్చాడు. గడువుతో పాటు, కోర్టులో ఏ కారణం రాయాలో కూడా ఆఫీసు తరఫున నమూనా ఇచ్చారు. 'కాఫీ నిమిత్తం' అని ఉంది అందులో.

ఇద్దరూ ఇంటిదారి పట్టారు. వీధి మలుపు తిరిగాక సత్తిబాబు అన్నాడు: "కాయితమే కదే. రాసిచ్చేద్దాం. మనం ఇడిపోతామా ఏంటి? బండి నిలబడద్ది."

సుభాషిణి నడక ఆపేసింది. "ఏవన్నావ్?"

"అంటే... ఆళ్ల రికార్డులోనే కదా."

"నీ కాఫీ తాగుతా తాగుతా నీ ఎనకాల వచ్చేశాను. మా అమ్మ నాలుగు నెలలు నాతో మాట్టాడలేదు. ఇప్పుడు ఆ గ్లాసుకి పెళ్లి చేసి నన్నొదిలేత్తావా?" ఆమె రోడ్డు మీదే కళ్లనీళ్లు పెట్టుకుంది. సత్తిబాబుకి అప్పుడు గానీ తను ఏమన్నాడో తెలియలేదు. అతను తడబడుతూ ఆమె భుజం మీద చెయ్యి వేశాడు, ఆమె విసిరికొట్టింది. కాసేపటికి ఆమే మళ్లీ అతని చెయ్యి పట్టుకుంది. బండి పోతే పోనీ, ఆ కాగితం మీద మాత్రం సంతకం పెట్టనని చెప్పింది. "అలాగే," అన్నాడు సత్తిబాబు. ఈసారి ఆ మాట ఊరికే అనలేదు.

కానీ బండి పోతే తినేదేమిటి? ఆ వారమంతా సుభాషిణికి అన్నం సహించలేదు. డైరెక్టరు అన్న మాటలే తిరగేసి మరగేసి తలుచుకుంది. ఎన్నిసార్లు తలుచుకున్నా ఆమె కోపం ఒక్క మాట దగ్గర ఆగిపోతూ ఉండేది: అన్నాచెల్లెళ్లు. గడువు రోజు పొద్దున్నే లేచి ఒక వాయి డోనట్లు వేసింది. సత్తిబాబు చేత ఒక క్యాను కాఫీ కలిపించింది. రెండూ పట్టుకుని ఇద్దరూ సంస్థకి వెళ్లారు.

సంఘమంతా కొలువుదీరి ఉంది. "విడాకుల పత్రం తెచ్చారా?" అన్నాడు డైరెక్టరు.

"లేదండి," అంది సుభాషిణి చేతులు కట్టుకుని. "ఆయ్, తప్పయిపోయిందండి. అన్నాచెల్లెళ్లకి పెళ్లి చేసేశాం. తమరు చెప్పాక నాకు నిద్దరట్టలేదు. ఆ పెళ్లి మాకొద్దండి. రద్దు చేసెయ్యండి. మళ్లీ చెయ్యక్కర్లేదు."

డైరెక్టరు సంతోషించాడు. "పశ్చాత్తాపాన్ని నమోదు చేసుకోవడమైనది. అయితే బండి మూసేస్తున్నట్టేనా?"

"మూసెయ్యడం ఎందుకండి? అన్నాచెల్లెళ్లు ఒకే ఇంట్లో ఉండకూడదాండి? ఒకే పళ్లెంలో తినకూడదాండి?"

డైరెక్టరు సిద్ధాంతి వైపు తిరిగాడు. సిద్ధాంతి పంచాంగం వైపు తిరిగాడు.

"పంతులుగోరూ, తోడబుట్టినోళ్లకి పొంతన చూత్తారాండి?" అని అడిగింది సుభాషిణి వినయంగా.

"చూడరు," అన్నాడు సిద్ధాంతి. చాలా రోజుల తర్వాత తనకి నిజంగా తెలిసిన విషయం చెబుతున్నందుకు ఆయన గొంతు గట్టిగా వచ్చింది. "తోబుట్టువులకి పొంతన లేదు, ముహూర్తం లేదు. మూఢం లేదు, ఆషాఢం లేదు."

డైరెక్టరు మొహం విప్పారింది. ఇది తన హయాంలో జరిగిన కొత్త ఆవిష్కరణ. ఈ సంస్థలో ఇంతవరకూ ఎవరూ 'తోబుట్టువుల విధానం' ప్రవేశపెట్టలేదు. రాజధానికి రాయొచ్చు, పైన ఉన్నవాళ్లు పిలిచి మెచ్చుకోవచ్చు. "కాఫీ, డోనట్ సహోదర సంబంధీకులని ధ్రువీకరించడమైనది," అని అక్కడికక్కడే చెప్పి రాయించాడు. "అయితే నిబంధన ప్రకారం రక్తసంబంధానికి ఇంటిపెద్ద సాక్ష్యం ఉండాలి. మీ పెద్దవాళ్లు ఎవరైనా ఉన్నారా?"

"ఎవరూ లేరండి. ఉన్నోళ్లంతా పోయారు." సుభాషిణి కొంగుతో కళ్లొత్తుకుంది. ఆ బాధ నిజమైనదే. "తమరే మాకు పెద్ద దిక్కండి. ఇన్నాళ్లూ మా పిల్లల సంబంధం తమ చేతులమీదే కదండి జరిగింది."

చిదంబరమూర్తి ఆ మాటకి ఉబ్బిపోయాడు. కలం తీసి 'పెదనాన్న' అని రాసి సంతకం పెట్టాడు. డైరెక్టరు పెదనాన్న అయ్యాక మిగిలినవాళ్లు ఊరుకుంటారా? ఒకరి తర్వాత ఒకరు లేచి 'బాబాయి' అని సంతకాలు పెట్టారు. సిద్ధాంతి వయసులో పెద్ద కాబట్టి 'తాతయ్య' అని పెట్టాడు. ధనుంజయరావు ఖాళీ లేక అంచున 'చిన్న బాబాయి' అని ఇరికించాడు. గుండ్రటి ముద్ర పడింది. ధ్రువపత్రం సుభాషిణి చేతికి వచ్చింది. భార్యాభర్తల సంబంధమైతే రద్దు చేయొచ్చు గానీ రక్తసంబంధాన్ని రద్దు చేసే అధికారం డైరెక్టరుకే కాదు, రాజధానిలో పెద్దాయనకి కూడా లేదు. ఆ సంగతి గుమాస్తా ఒకడు తర్వాత లెక్క తేల్చాడు.

సంతకాలయ్యేసరికి అందరికీ ఆకలేసింది. డైరెక్టరు డోనట్ల పళ్లెం వైపు వంగి, పంచదార బాగా అంటినదాన్ని చూసుకుని చెయ్యి చాపాడు.

సుభాషిణి పళ్లెం వెనక్కి లాక్కుంది.

"అయ్యో, తమరాండి?"

"ఏమ్మా?"

"తమరు పెదనాన్న అవుతారు కదండి. పంతులుగోరూ, మీరు చెప్పండి. సొంత పెదనాన్న పిల్లని తినొచ్చాండి?"

సిద్ధాంతి కళ్లు కూడా అప్పటికే ఒక డోనట్ మీద ఉన్నాయి. పిల్లకి ఆయన తాతయ్య అయి అప్పటికి పట్టుమని పావుగంట కాలేదు. చుట్టూ అందరూ ఆయన నోటివైపే చూస్తున్నారు. ఆయన ఒకసారి గుటకేసి, "కూడదు," అన్నాడు.

"పోనీ కాఫీ..." అన్నాడు డైరెక్టరు నీరసంగా.

"ఆడు మీ తమ్ముడి కొడుకు కదండీ," అన్నాడు సత్తిబాబు, ఆ రోజు మొదటిసారి నోరు విప్పి. క్యాను మూత బిగించి భుజానికెత్తుకున్నాడు. "పదవే, అవతల జనం ఎదురుచూత్తన్నారు."

బాబాయిలందరూ ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. ఎవరూ పళ్లెం మీద చెయ్యి వేయలేదు. సంతకాల మీద తడి కూడా ఆరలేదు.

ఆ రోజు నుంచి బండి మునుపటిలాగే సాగుతోంది. చేదు కాఫీతో జామ్ డోనట్ తినేవాళ్లు తింటున్నారు, చల్లటి కాఫీలో చాక్లెట్‌ది ముంచుకునేవాళ్లు ముంచుకుంటున్నారు. ఎవరికి ఏది నచ్చితే అది, ఎప్పుడు ఆకలేస్తే అప్పుడు. నమోదైన బంధువులకి మాత్రం అమ్మకం లేదు. కొత్తగా బదిలీ మీద వచ్చినవాళ్లు ఒకరిద్దరు గేటు దాటి వచ్చి తిని వెళుతున్నారు, పాతవాళ్లు కిటికీల్లోంచి చూస్తున్నారు. తన సంతకం తనే కొట్టేసుకోవడానికి వీలుందా అని డైరెక్టరు రాజధానికి రాశాడు. అక్కడి పెద్దాయన అప్పటికే కాఫీ మానేసి, ఏ టీతో ఏ బిస్కట్టు తినాలో పరిశీలిస్తున్నాడట. జవాబు రాలేదు.

పొద్దెక్కేసరికి డోనట్లు నూనెలోంచి తేలే వాసన గేటు దాకా వస్తుంది. చిదంబరమూర్తి ఏదో పనున్నట్టు గేటు దాటి, బండికి కాస్త ఎడంగా నిలబడి, పళ్లెం వైపు చూస్తాడు. సుభాషిణి మూకుడు మీంచి తలెత్తి, ఎంతో గౌరవంగా, వీధిలో అందరికీ వినబడేట్టు పలకరిస్తుంది:

"పిల్లల్ని చూసి పోదామని వచ్చారాండి, పెదనాన్నగోరూ?"